టికెట్ మీది గంటలు వేరు, గడప నుంచి గడపకు పట్టే గంటలు వేరు

ప్రశ్న: మా ఊరికీ, మా కంపెనీ రెండో ఆఫీసు ఉన్న నగరానికీ మధ్య రోడ్డు మీద 430 కి.మీ. నెలకు రెండుసార్లు పొద్దున్నే బయల్దేరి పదింటి మీటింగుకు చేరి, సాయంత్రం అయిదున్నరకు పని ముగించుకుని రాత్రికి ఇల్లు చేరాలి. విమానం గంటా అయిదు నిమిషాలు, హైస్పీడ్ రైలు రెండు గంటల ఇరవై నిమిషాలు. ఎయిర్‌పోర్టు మా ఇంటికి 40 కి.మీ., రైల్వే స్టేషన్ 9 కి.మీ. అవతలి ఎయిర్‌పోర్టు నుంచి ఆఫీసుకు 28 కి.మీ.; అక్కడి స్టేషన్ మాత్రం ఊరి నడిబొడ్డునే ఉంది. ఖర్చు కంపెనీదే. ఇది కాక మూడు నెలలకోసారి మేమిద్దరం, పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కలిసి అదే నగరం శివార్లలో ఉన్న మా అక్క వాళ్లింటికి వెళ్తాం. స్నేహితులు విమానమే వేగమంటారు, మా ఆవిడ అయిదుగురికీ కారే చవక అంటుంది. ఎప్పుడు దేంట్లో వెళ్లాలి?

సమాధానం: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. విమానం గంటా అయిదు నిమిషాలు, రైలు రెండు గంటల ఇరవై అని రాశారు. ఆ వెంటనే ఎయిర్‌పోర్టు 40 కి.మీ., స్టేషన్ 9 కి.మీ. అనీ రాశారు. మొదటి జత అంకెలు టికెట్ మీద అచ్చవుతాయి కాబట్టి అందరి కళ్లూ వాటి మీదే పడతాయి. నాలుగైదు వందల కిలోమీటర్ల ప్రయాణంలో అసలు సంగతి తేల్చేది రెండో జత. అందుకే ఆఫీసు ప్రయాణాన్ని ముందుగా మీ ఇంటి గడప నుంచి అవతలి ఆఫీసు గడప దాకా నిమిషాల్లో లెక్క కడదాం.

విమానంతో మొదలుపెడదాం. పొద్దుటి పూట 40 కి.మీ. దాటడానికి ఒక గంట. ఆన్‌లైన్లో చెక్-ఇన్ చేసుకుని, చేతి బ్యాగుతోనే వెళ్తున్నా విమానం కదిలే సమయానికి 75 నిమిషాల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. సెక్యూరిటీ వరస ఏ రోజు ఎంతుంటుందో ముందే చెప్పలేం, గేటేమో బయల్దేరే సమయానికి 15, 20 నిమిషాల ముందే మూసేస్తారు. ప్రయాణం 65 నిమిషాలు. దిగి, టెర్మినల్ అంతా నడిచి బయటికి రావడానికి 25. క్యాబ్ దొరికి ఎక్కడానికి 10. ఆఫీసుకు 45. మొత్తం 280 నిమిషాలు, అంటే నాలుగు గంటల నలభై నిమిషాలు. సామాను లోపల వేస్తే ఇటు కౌంటర్ దగ్గర పావుగంట, అటు బెల్టు దగ్గర పావుగంట నుంచి అరగంట అదనం.

రైలుకు స్టేషన్ చేరడానికి 25 నిమిషాలు, ప్లాట్‌ఫారం మీద ఉండాల్సిన ముందస్తు సమయం మరో 25, ప్రయాణం 140, దిగి బయటపడటానికి 10, ఆఫీసుకు 20. మొత్తం 220 నిమిషాలు, మూడు గంటల నలభై. విమానం కన్నా సరిగ్గా గంట తక్కువ.

కారులో 430 కి.మీ.ల్లో 390 హైవే, మిగతా 40 రెండు ఊళ్ల లోపలి రోడ్లు అనుకుందాం. హైవే మీద వేగపు ముల్లు 110 చూపిస్తున్నా లారీలు, టోల్ గేట్లు, రోడ్డు పనులు కలిపితే సగటు 90కి మించి రావడం అరుదు. ఆ లెక్కన 260 నిమిషాలు. ఊళ్లలో గంటకు 30 కి.మీ. చొప్పున 80. ఇరవయ్యేసి నిమిషాల విరామాలు రెండు, మొత్తం 40. అంతా కలిపి 380 నిమిషాలు, ఆరు గంటల ఇరవై.

విమానం వేగం ఇంత దగ్గరి దూరంలో ఎందుకు కలిసిరాదు? టికెట్ మీద రాసే 65 నిమిషాలు గాల్లో ఎగిరే సమయం కాదు. ఇక్కడి గేటు దగ్గర విమానం కదలడం మొదలు అవతలి గేటు దగ్గర ఆగేదాకా. అందులో విమానం నేల మీద రన్‌వే దాకా వెళ్లడం, వరసలో ఆగడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం అన్నీ ఉంటాయి. పైకి లేచాక కూడా అది గంటకు 800 కి.మీ. వేగాన్ని కాసేపే అందుకుంటుంది. పైకి చేరడం పూర్తయిన కాసేపటికే కిందికి దిగడం మొదలవుతుంది. దూరం రెట్టింపైతే విమానానికి ఓ అరగంట, నలభై నిమిషాలే పెరుగుతాయి. రైలుకు రెండు గంటలకు పైగా పెరుగుతాయి. మీ స్నేహితుల మాట అక్కడ నిజమవుతుంది, 430 కి.మీ. దగ్గర కాదు.

ప్రపంచంలో చాలాచోట్ల ఇది జరిగి చూపించింది. 1981లో పారిస్, లియాన్ల మధ్య హైస్పీడ్ రైలు మొదలయ్యాక ఆ దారిలో విమాన ప్రయాణికులు భారీగా తగ్గారు. మాడ్రిడ్, బార్సిలోనాల మధ్య 2008 దాకా విమానాలదే రాజ్యం. 621 కి.మీ. లైను పూర్తయి రైలు రెండున్నర గంటల్లో చేర్చడం మొదలుపెట్టాక ఎక్కువమంది అటు మళ్లారు. ఫ్రాన్స్ 2023లో, రెండున్నర గంటల్లోపు రైలు సౌకర్యం ఉన్న దేశీయ మార్గాల్లో విమానాలనే ఆపేసింది. పారిస్ ఓర్లీ నుంచి లియాన్, నాంత్, బోర్దో విమానాలు అలాగే పోయాయి. దూరం పెరిగితే కథ తిరగబడుతుంది. టోక్యో నుంచి ఫుకుఓకాకు రైల్లో దాదాపు అయిదు గంటలు. జపాన్‌లో రైళ్లు ఎంత కచ్చితంగా నడిచినా ఆ దారిలో ఎక్కువమంది విమానమే ఎక్కుతారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు వాడే కొలబద్ద ఒకటుంది: రైలు ప్రయాణం మూడు గంటల్లోపు ఉంటే రైలుది పైచేయి, నాలుగు గంటల దగ్గర ఇద్దరూ సమానం, అయిదు దాటితే విమానం. మీ రెండు గంటల ఇరవై నిమిషాలు రైలు గట్టిగా గెలిచే చోట ఉంది.

అయితే ఈ కొలబద్ద చెడిపోయే సందర్భాలు రెండున్నాయి. స్టేషన్లో కూడా ఎయిర్‌పోర్టులాంటి తనిఖీ ఉండటం మొదటిది. లండన్ నుంచి పారిస్‌కు రైలు రెండుంపావు గంటల్లోనే వెళ్తుంది కానీ పాస్‌పోర్టు తనిఖీ, సామాను తనిఖీ ఉండటంతో గంటకు పైగా ముందే చేరాలి. స్పెయిన్ హైస్పీడ్ స్టేషన్లలో బ్యాగులు ఎక్స్-రేలో పెడతారు, చైనాలో గుర్తింపు పత్రం, సామాను రెండూ చూస్తారు. జపాన్, జర్మనీల్లో నేరుగా ప్లాట్‌ఫారం మీదికి వెళ్లిపోవచ్చు. మీ స్టేషన్ ఏ రకమో చూసుకుని ఆ 25 నిమిషాలను 15కు తగ్గించుకోండి, లేదా 40కి పెంచుకోండి. ఏ రకమైనా, తలుపులు మూసే నియమం బోర్డు మీద ఉన్న సమయం కన్నా ముందు ఉంటుంది. ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో రెండు నిమిషాల ముందే ఎక్కనివ్వరు. 8:00 రైలంటే 7:58 రైలే.

రెండోది, స్టేషన్ పేరులో ఊరున్నా స్టేషన్ ఊళ్లో లేకపోవడం. నేరుగా సాగే లైను వేయడానికి కొన్నిచోట్ల పొలాల మధ్య స్టేషన్లు కట్టారు. ఫ్రాన్స్‌లో ఓత్-పికార్దీ స్టేషన్‌ని జనం ‘బీట్‌రూట్ స్టేషన్’ అని పిలుచుకునేది అందుకే. మీ అదృష్టం కొద్దీ అవతలి స్టేషన్ ఊరి మధ్యలోనే ఉంది. అయినా ఒక్కసారి చూడండి, ఆ నగరంలో రెండు స్టేషన్లుంటే మీ రైలు ఆగేది ఏదని. ఒకే పేరుతో తూర్పు, దక్షిణం అని రెండు మూడు స్టేషన్లున్న నగరాల్లో తప్పుడు స్టేషన్లో దిగితే మిగిలిందనుకున్న గంట అక్కడే పోతుంది.

టైంటేబుల్ చదవడంలో ఒక మెళకువ. పట్టాల దారి కూడా 430 కి.మీ.లే అనుకుంటే, మీ రైలు దాన్ని 140 నిమిషాల్లో దాటుతుందంటే సగటు వేగం గంటకు 184 కి.మీ. ఆ రైలు 300 వేగంతో పోగలిగినదైతే, దారిలో నాలుగైదు చోట్ల ఆగుతున్నట్టో, ఊళ్ల దగ్గర పాత పట్టాల మీద నెమ్మదిస్తున్నట్టో లెక్క. 300 వేగంలో ఉన్న రైలు ఒక స్టేషన్లో ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి అయిదు నుంచి ఏడు నిమిషాలు నష్టపోతుంది. అందుకే ఒకే పట్టాల మీద రకరకాల రైళ్లు ఉంటాయి. టోక్యో నుంచి షిన్-ఒసాకాకు 515 కి.మీ.; తక్కువచోట్ల ఆగే నోజోమి రెండున్నర గంటల్లోపే చేరుస్తుంది, అన్నిచోట్లా ఆగే కొదామాకు దాదాపు నాలుగు గంటలు. వెనక వచ్చే వేగం రైళ్లకు దారివ్వడానికి కొదామా ఆగి చూస్తుంది కూడా. మీ దారిలోనూ పొద్దున ఆరు, ఏడు మధ్య తక్కువ చోట్ల ఆగే రైలు ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. వెతకండి, పావుగంట, ఇరవై నిమిషాలు అక్కడ మిగలొచ్చు. టికెట్ యాప్‌లో మొదట కనిపించే రైలే వేగమైనది కానక్కర్లేదు.

మీరు అడగని లెక్క ఒకటుంది. నెలకు రెండుసార్లంటే ఏడాదికి 24 రాకపోకలు. రైల్లోని 140 నిమిషాల్లో కనీసం 120 ఒక్క ముక్కగా మీ చేతికొస్తాయి. ల్యాప్‌టాప్ తెరిచి మీటింగుకు సిద్ధం కావచ్చు, నిద్రపోవచ్చు. విమానంలో 65 నిమిషాలు ఉన్నట్టే ఉంటాయి కానీ ల్యాప్‌టాప్ తీయగలిగేది విమానం పైకి చేరాక. ట్రేలు మూయమని దిగడానికి ముందే చెప్పేస్తారు. మిగిలేది అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. మిగతా ప్రయాణమంతా క్యాబ్, వరస, నడక, వరస అని ముక్కలు ముక్కలు. పావుగంట ముక్కల్లో ఫోన్ చూడటం తప్ప పనంటూ సాగదు. కారు నడిపే మనిషికి మిగిలేది సున్నా.

ఇక కారులో ఒంటరిగా, అదీ ఒకే రోజు రాకపోకలు: ఇది మాత్రం వద్దు. ఖర్చు గురించి కాదు ఈ మాట. పదింటి మీటింగుకు తెల్లవారుజామున 3:40కే బయల్దేరాలి. రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు దాకా మనిషి ఒంట్లోని గడియారం నిద్ర వైపు లాగే సమయం. ముందు రాత్రి బాగా నిద్రపోయినా ఆ లాగుడు పోదు. మూడింటికి లేచి, పని ముగించి, అయిదున్నరకు తిరుగు ప్రయాణం మొదలుపెడితే ఇల్లు చేరేది రాత్రి 11:50కి. రాత్రి ఎనిమిదికే మీరు లేచి 17 గంటలవుతుంది. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరీక్షల్లో తేలింది. చాలా దేశాల్లో చట్టం గీసిన గీత అదే. ఆ స్థితిలో మీరు ఇంకా దాదాపు నాలుగు గంటలు, చీకట్లో బండి నడపాలి. గంటకు 100 కి.మీ. వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకంటే కళ్లు మూసుకుని 84 మీటర్లు నడిపినట్టు. కిటికీ దించడం, పాటలు పెట్టడం నిద్రను ఆపవు. ఎప్పుడైనా తప్పనిసరై నడుపుతూ కళ్లు బరువెక్కితే చేయాల్సింది ఒక్కటే. సురక్షితమైన చోట ఆపి, ఒక కాఫీ తాగి, వెంటనే 20 నిమిషాలు పడుకోవాలి. కాఫీ పనిచేయడం మొదలవడానికీ అంతసేపే పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి. అదీ గంటో, రెండు గంటలో నెట్టుకురావడానికే. రాత్రి నిద్రకు బదులు కాదు.

అలవాటుగా కారే వాడితే బండి మీద పడే భారం కూడా చూడండి. ఒక రాకపోక 860 కి.మీ.; 24 సార్లంటే 20,640 కి.మీ. టైర్లు 40 నుంచి 50 వేల కి.మీ. తిరుగుతాయనుకుంటే ఏటా దాదాపు సగం సెట్టు ఈ ప్రయాణాలకే అరిగిపోతుంది. పది వేలకోసారి ఆయిల్ మార్చే బండికి అదనంగా రెండు సర్వీసులు. అమ్మేటప్పుడు మీటరు మీద కనిపించే కిలోమీటర్లకు తగ్గే ధర వేరు. పెట్రోలు బిల్లు ఒక్కటే చూసి కారు చవక అనేవాళ్లు ఈ మూడూ మరచిపోతారు.

సరే, ఆఫీసుకు రైలే. తిరుగు ప్రయాణం విషయంలో జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే తేడా వచ్చేది సాయంత్రమే. టికెట్ కొనేముందు ఆఖరి రైలు ఎన్నింటికో చూడండి. మీరు ఎక్కే రైలు ఎప్పుడూ ఆఖరిది కాకూడదు; దాని తర్వాత కనీసం ఇంకొకటి ఉండాలి. పొద్దున చవకైన, మార్చుకోవడానికి వీల్లేని టికెట్ తీసుకోండి, ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరాలో మీ చేతిలోనే ఉంది. సాయంత్రానికి మాత్రం రైలు మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి, ఎందుకంటే మీటింగు ఎప్పుడు ముగుస్తుందో మీ చేతిలో లేదు. రెండింటినీ ఒకే రకంలో కొని, మీటింగు అరగంట సాగినందుకు కొత్త టికెట్ పూర్తి ధరకు కొనుక్కునేవాళ్లు చాలామంది.

రైలుకూ తలనొప్పులున్నాయి. విద్యుత్ తీగ తెగినా, సిగ్నళ్లు పాడైనా, పెనుగాలి వీచినా ఆ లైను మీది రైళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. రోడ్డు మీదైతే పక్కదారి పట్టొచ్చు, పట్టాల మీద అది కుదరదు. కరెంటు పోతే ఏసీ కూడా ఆగుతుంది, కిటికీలు తెరుచుకోవు. లీటరు నీళ్లు, నిండుగా ఛార్జి ఉన్న ఫోను దగ్గరుంచుకోవడం అలవాటు చేసుకోండి. మీటింగు పదింటికైతే 9:10కల్లా ఆ నగరంలో దిగే రైలు ఎంచుకోండి. ఇరవై నిమిషాల ఆలస్యాన్ని మింగేసే ఖాళీ అది.

విమానం ఎప్పుడు ఎక్కాలి మరి? మీ విషయంలో ఒక్క సందర్భంలో: ఆ నగరం మీ గమ్యం కాక, అక్కడి ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో దూరపు విమానం పట్టుకోవాల్సినప్పుడు. అప్పుడు 28 కి.మీ. క్యాబ్ ప్రయాణం లెక్కలోంచి పోతుంది. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా కొనండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో చేర్చే బాధ్యత సంస్థది. విడివిడిగా కొంటే రెండోది ఎగిరిపోయిందంతే, డబ్బు కూడా దాంతోనే. కొన్నిచోట్ల రైలు కూడా ఆ టికెట్‌లో కలిసే వస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టును ఆనుకునే హైస్పీడ్ స్టేషన్ ఉంది, కొలోన్ నుంచి రైలూ విమానమూ కలిపి ఒకే టికెట్‌గా అమ్ముతారు. మీ దగ్గర అలాంటి ఏర్పాటు ఉందేమో అడగండి.

విమానం ఎక్కాల్సి వస్తే రోజులో మొదటిది ఎంచుకోండి. ఒకే విమానం రోజంతా నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది. పొద్దున ఒక ఊళ్లో జరిగిన ఆలస్యం సాయంత్రానికి పెరుగుతూ మీ దగ్గరికొస్తుంది. మొదటి విమానం రాత్రంతా అక్కడే నిలబడి ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ. పొగమంచు పట్టే నెలల్లో మాత్రం ఇదే సూత్రం తిరగబడుతుంది, ముందు ఆగేవి తెల్లవారుజాము విమానాలే. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, లోపల వేసే సామాన్లో కాదు. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) దాకా సాధారణంగా అడ్డు చెప్పరు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లే. దాని మీద ఆ అంకె చెరిగిపోయి ఉంటే మాత్రం కొన్ని ఎయిర్‌పోర్టుల్లో తీసేసుకుంటారు.

ఇప్పుడు కుటుంబ ప్రయాణం. ఇక్కడ మీ ఆవిడ మాటకు బలముంది. కారుకయ్యే ఖర్చు ఒకరికైనా, అయిదుగురికైనా దాదాపు ఒకటే. టికెట్లు అయిదు రెట్లవుతాయి. మీ అక్కగారి ఇల్లు శివార్లలో ఉంది కాబట్టి స్టేషన్ నుంచి సామానుతో రెండు క్యాబులు కావాలి. ఊరి లోపలికి వెళ్లే పని లేదు కనుక కారుకు ఆ చివర సిటీ ట్రాఫిక్ కూడా కొంత తప్పుతుంది. పొగ లెక్కలోనూ తేడా ఇలాగే వస్తుంది. 100 కి.మీ.కి ఆరున్నర లీటర్లు తాగే కారుకు రానూపోనూ 56 లీటర్లు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది, మొత్తం 129 కిలోలు. అయిదుగురు పంచుకుంటే మనిషికి 26. ఒక్కరే వెళ్తే ఆ 129 మీ ఒక్కరివే. ఒక మామూలు జెట్ విమానం ఇంత దూరానికి రెండు, రెండున్నర టన్నుల ఇంధనం కాలుస్తుంది. 150 మందికి పంచితే రానూపోనూ మనిషికి 90, 100 కిలోలు వస్తాయి. అంటే ఒంటరిగా నడిపే కారు విమానం కన్నా మెరుగేమీ కాదు, నిండుగా వెళ్లే కారు చాలా మెరుగు. రైలుది ఆ దేశంలో కరెంటు దేంతో పుడుతుందో దాన్నిబట్టి ఉంటుంది, బొగ్గుతో అయినా ఒంటరి కారు కన్నా తక్కువే.

కారులో వెళ్లేటప్పుడు పాటించాల్సినవి కొన్ని. అయిదుగురు, సామాను ఎక్కితే టైర్ల గాలి మామూలు రోజుల్లో ఉన్నంత చాలదు. డ్రైవర్ తలుపు అంచున అంటించిన చీటీలో నిండు బరువుకు ఎంత పట్టాలో వేరే అంకె ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు, రెండు మూడు కిలోమీటర్లు తిరిగేలోపు, పట్టించండి; స్టెప్నీకి కూడా. గాలి తక్కువైన టైరు బరువుకు పక్కల వంగుతూ వేడెక్కి హైవే వేగంలో పేలుతుంది. బరువైన పెట్టెలు డిక్కీలో అడుగున, సీటుకు ఆనించి పెట్టండి. సీటు ఎత్తు దాటి ఏదీ పేర్చొద్దు, గట్టిగా బ్రేకు వేస్తే అది పిల్లల తలల మీదికి వస్తుంది. చిన్నపిల్లలకు వాళ్ల సైజుకు తగ్గ సీటు వెనకే బిగించండి. వేగం విషయంలో ఒక మాట. 100 నుంచి 120కి పెంచితే గాలి అడ్డు 44 శాతం పెరుగుతుంది. కాగితం మీద 390 కి.మీ.లకు 39 నిమిషాలు మిగులుతాయి, నిజం రోడ్డు మీద దాంట్లో సగం మిగిలితే గొప్ప. పిల్లలు బాత్రూం అన్నప్పుడు ఆపే ఒక్క విరామానికి అవి ఖర్చైపోతాయి. ఎలక్ట్రిక్ కారైతే ఆ వేగంలో ఛార్జి కూడా త్వరగా కరుగుతుంది, కాబట్టి విరామాన్నీ ఛార్జింగునూ ఒకే చోట కుదుర్చుకోండి. 10 నుంచి 80 శాతం దాకా ఫాస్ట్ ఛార్జరు మీద సుమారు అరగంట. 80 దాటాక నెమ్మదిస్తుంది, నిండేదాకా కూర్చోవద్దు.

ఈ లెక్కలన్నిటినీ మార్చగలిగేది మీ అమ్మగారి మోకాళ్లు. ఆరు గంటలకు పైగా కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఆ నొప్పికి పనికిరాదు. వయసు మళ్లినవాళ్లకు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంటుంది. కారే అయితే ముందు సీటు వెనక్కి జరిపి ఆవిడకిచ్చి, గంటన్నరకోసారి ఆపి నాలుగు అడుగులు వేయించండి. అప్పుడు మీ ప్రయాణం ఏడు గంటలవుతుందని ముందే ఒప్పుకుని బయల్దేరండి, దారిలో తొందరపడరు. ఆవిడ కొద్దిసేపు కూడా కూర్చోలేని రోజుల్లో కారును బలవంతం చేయకండి. రైల్లో నడవా ఉంది, లేచి తిరగొచ్చు, టాయిలెట్ దగ్గరే ఉంటుంది. విమానంలో కూర్చునేది గంటే, కానీ నడక ఎక్కువ. పెద్ద టెర్మినల్లో గేటు దాకా కిలోమీటరు ఉండటం మామూలే. విమానమే అయితే వీల్‌చెయిర్ సహాయం టికెట్ కొనేటప్పుడే, కనీసం 48 గంటల ముందు అడగండి. ఎయిర్‌పోర్టుకు వెళ్లాక అడిగితే దొరుకుతుంది కానీ ఎంతసేపటికో చెప్పలేరు.

మీకు మా సలహా, కుటుంబం రెండుగా విడిపోవడం. ఒకరు కారు, సామానుతో. మరొకరు అమ్మగారితో రైల్లో. మీ అక్కగారు స్టేషన్‌కు వచ్చి తీసుకెళ్లగలిగితే ఇద్దరికీ సుఖం. పిల్లలు ఎటైనా వెళ్లొచ్చు. కారులో కడుపు తిప్పే పిల్లలుంటే రైలు వైపు పంపండి. నడిపేవాళ్లు ఒక్కరే కాబట్టి పగటి పూటే బయల్దేరేలా చూసుకోండి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఒక విరామం తప్పక పెట్టుకోండి. రాత్రి తర్వాత నిద్ర ముంచుకొచ్చే వేళ అదే.

రైల్లో అమ్మగారిని దింపడానికి ఒక జాగ్రత్త. మధ్య స్టేషన్లలో ఈ రైళ్లు ఒకటి రెండు నిమిషాలే ఆగుతాయి, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, మళ్లీ తెరవరు. మీరు దిగేది ఆఖరి స్టేషన్ అయితే కంగారు లేదు. కాకపోతే ఎనిమిది నిమిషాల ముందే ఆవిడను లేపి, సామాను తలుపు దగ్గరికి చేర్చి, సీటు వీపు పట్టుకుని నిలబడేలా చూడండి. రైలు నెమ్మదించేటప్పుడే అందరూ ఒక్కసారిగా నడవాలోకి వస్తారు. టికెట్ కొనేటప్పుడు తలుపుకు దగ్గరి వరసలో, నడవా పక్క సీటు అడగండి. ప్లాట్‌ఫారం మీద కోచ్ నంబరు గుర్తులు వేసి ఉంటాయి, రైలు రాకముందే ఆ గుర్తు దగ్గర నిలబడితే పరుగెత్తే పని ఉండదు. పెద్ద పెట్టెలు మాత్రం కారులోనే పంపండి. కొన్ని రైళ్లలో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి ఇంతకు మించితే వాటికి చోటు ముందే బుక్ చేసుకోవాలి. జపాన్‌లో టోక్యో, ఒసాకాల మధ్య నడిచే షింకన్‌సెన్‌లో (అక్కడి హైస్పీడ్ రైలు) ఆ హద్దు 160 సెంటీమీటర్లు.